కొట్టుగది వెనక ఉరుయి

1979 మే 9

పొద్దున మంచుపొగ. పదింటికల్లా ఎండ. దక్షిణం వాలులో మంచు కరిగిపోయింది, ఉత్తరం వైపు ఇంకా మోకాలి లోతు ఉంది. నారుమడికి నీళ్ళు పెట్టాం. మధ్యాహ్నం నుంచి కొండకి. ఈ రోజు ఆకు కోతకి కొండ తెరవచ్చని పొద్దున్నే అత్తయ్య చెప్పింది. ఊళ్ళో ఆడవాళ్ళు పదకొండు మంది ఆమె వెనక నడిచారు.

మేం కోసే కూరాకు, ఉరుయి, జానెడు లేచింది. ఆకు ఇంకా విచ్చుకోలేదు, చుట్టలాగే ఉంది. కోతకి సరైన అదను. అత్తయ్య నాతో, "నువ్వు వాగు పక్కకి పో, నేను పైకి పోతా" అంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఎప్పుడూ నన్ను తన కళ్ళ ముందు నుంచి కదలనివ్వలేదు. సముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టినదాన్ని, కొండ ఆకు నాకేం తెలుసని. ఈ రోజు ఒక్కదాన్నే ఒక బుట్ట నింపాను.

ఇంటికొచ్చేసరికి ఐదున్నర. అత్తయ్య స్నానానికి నీళ్ళు కాచడానికి వెళ్ళింది. నా బుట్టలోంచి ఒక కట్ట కట్టి మసుయె పిన్నికి ఇచ్చి వచ్చాను. ఏటా మొదటి కట్ట పొరుగింటికే.

పిన్ని, "ఈసారి కోడలు పిల్ల కోసిందా?" అని నవ్వింది. "అందరం కోశాం" అన్నాను.

మే 10

వాన. మసుయె పిన్నిని రాత్రి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాంతులు, కాళ్ళు చేతులు తిమ్మిర్లు. మా ఆయన ట్రక్కులో తీసుకెళ్ళాడు. తెల్లారాక వచ్చి, నాడి చాలా నెమ్మదిగా ఉందన్నాడు.

మిగిలిన ఆకు మేమెవరం తినలేదు.

మే 11

వాన తగ్గలేదు. ఆరోగ్య శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. పిన్ని గిన్నెలో మిగిలిన కూరలో విషపు చేదాకు ఉందట. మొలకగా ఉన్నప్పుడు ఉరుయీ చేదాకూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. వాగు పక్క తడి నేలలో రెండూ కలిసే లేస్తాయి. అది ఈ ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు.

"ఎవరు కోశారు?" అని అడిగాడు.

"నేను" అంది అత్తయ్య.

"ఏరింది?"

"నేనే. ఏటా నేనే ఏరతాను. కళ్ళు మసకేశాయి బాబూ. డెబ్భై నాలుగు."

ఆయన రాసుకున్నాడు. నేను టీ పోశాను. రెండో కప్పు కూడా పోశాను.

కోసిన సాయంత్రం అన్ని బుట్టలూ వసారాలో పక్కపక్కనే ఉన్నాయి. ఏ ఆకు ఏ బుట్టలోదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు.

మే 14

ఎండ. మసుయె పిన్ని ఇంటికొచ్చింది. గుడ్లు, ఒక సీసా సాకే తీసుకుని ముగ్గురం వెళ్ళాం. అత్తయ్య నుదురు చాపకి ఆనించి లేవలేదు. నేనూ అలాగే ఉన్నాను, కానీ ఆమె వెనక.

పిన్ని పడక మీంచే, "లే అక్కా, లే. చూసేవాళ్ళు నేను పోయాననుకుంటారు" అంది. తర్వాత, "ఇరవై ఏళ్ళుగా నువ్వు పెట్టింది తిన్నాను. నాకు కోపం లేదు. కానీ ఇకమీద నువ్వు కోసింది నాకు తేకు. నాకు కాదు భయం, నా కడుపుకి" అంది.

"సరే" అంది అత్తయ్య.

మే 15

ఎండ. గట్లకి బురద పూశాం. 

మే 20

ఊరి పెద్ద వచ్చాడు. వచ్చే ఏడు నుంచి కొండ తెరిచే రోజు తనే చెప్తాడట. "తకెనో గారూ, ముప్ఫై ఏళ్ళుగా మీరే చెప్తూ వచ్చారు. ఇక విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

"విశ్రాంతా? దాన్ని ఉడకబెట్టి తింటారా, పచ్చిగానే తింటారా?" అంది అత్తయ్య.

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన వెళ్ళాక కత్తిపీట కడిగి, కొండకి తీసుకెళ్ళే చిన్న కొడవలికి నూనె రాసి, గుడ్డ చుట్టి పైన పెట్టేసింది.

జూన్ 3

నాట్లు అయిపోయాయి. నడుం పట్టేసింది. సాయంత్రం కాలవ దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అన్నాను.

"అత్తయ్యా, ఆ కట్ట."

"ఏ కట్ట?"

"పిన్నికి ఇచ్చింది. నేనే కోశాను. మీరు ఏరకముందే ఇచ్చేశాను."

ఆమె మోకాళ్ళ దాకా బురద రుద్దుకుంటూనే ఉంది. "తెలుసు. వసారాలో నా బుట్ట కదలలేదు, నీ బుట్ట సగం ఖాళీ. నాకు లెక్క రాదనుకున్నావా?"

"మరి ఎందుకు..."

"పిల్లా, నా మీద పడితే వయసు అంటారు. ఎన్నాళ్ళు అంటారు? మహా అయితే ఐదారేళ్ళు, తర్వాత అనడానికి నేనే ఉండను. నీ మీద పడితే తీరం పిల్ల అంటారు. నలభై ఏళ్ళు అంటారు. నీ చేతి కూర ఎవరూ తినరు. ఇక్కడ అలాగే ఉంటుంది."

"అది తప్పు కదా అత్తయ్యా."

"నోరు మూసుకుని కాలు చూసుకో, జలగ ఉంది."

జలగ లేదు. రెండు కాళ్ళూ చూశాను.

జూన్ 4

వాన. మంచిదే, నాట్లు పడ్డాక వచ్చింది.

ఆగస్టు 19

ఉక్క. వరి పొట్ట మీద ఉంది. మసుయె పిన్ని పెరడు పక్కగా వస్తుంటే ఆమె పెంటకుప్ప మీద ఊదారంగు కనిపించింది. మొన్న అత్తయ్య ఇచ్చిన వంకాయ ఊరగాయ. తోటలో వంకాయ, ఇంట్లో ఉప్పు, కొండకీ దానికీ సంబంధమే లేదు. ఇచ్చినప్పుడు పిన్ని రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకున్నంత పని చేసింది.

అత్తయ్యకి చెప్పలేదు.

ఆగస్టు 27

అత్తయ్య పిన్నికి మళ్ళీ ఊరగాయ పట్టుకెళ్ళింది. నేను పట్టుకెళ్తానన్నాను. "నాకు కాళ్ళున్నాయిగా" అంది.

సెప్టెంబరు 30

కోత మొదలు. ఎండ నిలకడగా ఉంది. ఈ ఏడు గింజ బరువుగా ఉంది. మంచి కోత ఇచ్చిన ఏడాది గురించి ఫిర్యాదు చేయకూడదు.

అక్టోబరు 21

పొద్దున తొలి మంచు, గడ్డి తెల్లగా. అత్తయ్య అన్నం తింటూ ఉన్నట్టుండి, "నన్ను కొండకి పోనివ్వరు. మీరిద్దరూ పోయి ఉరుయి గడ్డలు తవ్వుకు రండి. ఇంటి వెనక వేద్దాం" అంది.

మా ఆయన, "పెరట్లో ఉరుయా? కొండ నిండా ఉంటే?" అన్నాడు.

"నా చేత్తో నాటినచోట ఇంకోటి ఎక్కడినుంచి వస్తుంది? దాన్నైతే తింటారు."

ఎవరు తింటారో చెప్పలేదు. ముగ్గురికీ తెలుసు.

అక్టోబరులో పొరపాటు పడే వీలు లేదు. చేదాకు ఎండాకాలంలోనే కుళ్ళి నేలలో కలిసిపోతుంది. ఉరుయి ఆకులు మాత్రం పసుపు పచ్చగా మారి, వాలంతా ఎవరో చాటలు ఆరేసినట్టు కనిపిస్తాయి. రెండు గోనెలు తవ్వాం. ఒక్కో గడ్డ మనిషి తలంత. మట్టి వాసన బాగుంది. ఈయన మోస్తూ, "మా అమ్మ ఎవరి మాటా వినదు, ఇంకెందుకు" అన్నాడు. తల్లి కళ్ళే తప్పు చేశాయని ఈయన నమ్మాడు. 

అక్టోబరు 22

మబ్బు, గాలి లేదు. నాటడానికి మంచి రోజు.

స్థలం కొట్టుగది వెనక, ఉత్తరం వైపు, దేవదారు చెట్ల కింద. అక్కడ ఇంకేదీ పండదు. మధ్యాహ్నం గంటసేపు ఆకుల సందుల్లోంచి చుక్కలుగా ఎండ పడుతుంది, అంతే. కొట్టుగది కప్పు మీంచి జారిన మంచు అక్కడే గుట్టగా ఉండి మే దాకా కరుగుతూ ఉంటుంది. ముల్లంగి పెడితే కుళ్ళింది, నేనే పెట్టాను, మూడేళ్ళ కింద. అత్తయ్య, "చూశావా, ఎండ లేదని నువ్వు తిట్టిన నేల. ఉరుయికి ఇదే పుట్టిల్లు" అంది.

గడ్డని పారతో కొట్టకుండా చేతులతో పట్టి చీల్చమంది. ఒక్కో ముక్కకి రెండు మూడు కళ్ళు ఉండాలి. కన్ను నేలకి రెండు వేళ్ళ లోతు. ముక్కకీ ముక్కకీ మధ్య మూర దూరం, "ఆకు ఎంత పెద్దదవుతుందో ఇప్పుడే తలుచుకుని నాటు, గడ్డని చూసి కాదు." కింద మాగిన చెస్ట్‌నట్ ఆకు, పైన దేవదారు ఆకు పల్చగా. అరవై నాలుగు ముక్కలు.

"ఎప్పుడు కోస్తాం?"

"వచ్చే ఏడు కోయకూడదు. కోస్తే గడ్డ పోతుంది. పైఏడు."

పైఏడు. అప్పటికి అత్తయ్యకి డెబ్భై ఆరు.

నవంబరు 6

చలి. ఈయన పొద్దున ఏడింటి బస్సుకి వెళ్ళాడు, ఏటా లాగే టోక్యోలో కట్టుబడి పనికి. ఏప్రిల్ దాకా మేమిద్దరమే. కిటికీలకి పలకలు బిగించాం. అత్తయ్య పట్టుకుంది, నేను మేకులు కొట్టాను.

డిసెంబరు 18

మంచు. కొట్టుగది తలుపు దాకా దారి తీశాను.

1980 జనవరి 27

మంచు ఆగింది. ఎనిమిది రోజులుగా మసుయె పిన్ని రాలేదు, మేమూ వెళ్ళలేదు. ముందు శీతాకాలాల్లో రోజూ మా పొయ్యి దగ్గరే కూర్చుని గడ్డితో చెప్పులు అల్లేది, అత్తయ్యతో పాత గొడవలు తవ్వేది. వాళ్ళ దారిలో మంచు తీసి వచ్చాను. పిన్ని తలుపు తీసి "అయ్యో పిల్లా, చేతులు చూడు" అని ఒక వేడి చిలగడదుంప చేతిలో పెట్టింది. దారంతా ఆ వేడి పట్టుకుని వచ్చాను. మంచి మనిషి. దాంతో ఇంకా కష్టం.

ఏప్రిల్ 29

ఎండ. కొట్టుగది వెనక మంచుగుట్ట అంచున ఊదా రంగు ముక్కులు పైకొచ్చాయి. లెక్కపెట్టాను, యాభై తొమ్మిది. అత్తయ్య మళ్ళీ లెక్కపెట్టి అరవై ఒకటి అంది. ఆమె లెక్కే సరైంది, రెండు నా చెప్పు కింద ఉన్నాయి.

మే 11

ఊరి పెద్ద కొండ తెరిచాడు. నాలుగు రోజులు ఆలస్యం, ఆకు విచ్చుకుపోయింది, కానీ ఎవరూ అనలేదు. ఆడవాళ్ళు మా ఇంటి ముందు నుంచే వెళ్ళారు. అత్తయ్య వాకిలి ఊడుస్తోంది. వాళ్ళు దాటిపోయేదాకా అదే చోట ఊడ్చింది.

నన్ను రమ్మన్నారు. కడుపులో బాగాలేదన్నాను.

మే 13

వాన తర్వాత ఎండ. మూడో వరుసలో ఒక మొలక తేడాగా ఉంది. అత్తయ్య వంగి చూసి, "వచ్చింది మహాతల్లి" అంది. చేదాకు. గడ్డల మట్టిలో దాని వేరు కూడా వచ్చినట్టుంది.  పార అందుకున్నాను.

"ఉంచు."

"అత్తయ్యా!"

"ఉంచు అంటున్నానా. ఇలా రా. కళ్ళు మూసుకో."

నా చెయ్యి పట్టుకుని ముందు ఉరుయి మీద పెట్టింది. "కిందినుంచి పైకి రా. కాడ తగులుతోందా? కాడ పొడుగునా చిన్న గాడి, వాన నీళ్ళు జారడానికి. ఆ పైన ఆకు, ఆకు మధ్యలో ఒక ఈనె." తర్వాత దాని మీద. "ఇప్పుడు కాడ చెప్పు."

కాడ లేదు. ఒక ఆకుని ఇంకో ఆకు చుట్టుకుని ఉంది, మడతలు మడతలుగా, చేతికి విసనకర్రలా తగిలింది.

"మా అమ్మ నాకు కళ్ళకి గంతలు కట్టి నేర్పింది. పొద్దుగూకాక కూడా బుట్ట ఏరాలి కదా. కళ్ళతో ఎవరు ఏరతారు?"

నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. కళ్ళు మసకేశాయని ఆ రోజు ఆఫీసరుకి చెప్పిన మనిషి.

"ఎనిమిదేళ్ళు కొండకి తిప్పాను గాని ఇది నీకు చెప్పలేదు. చూసి నేర్చుకుంటావనుకున్నా. ఆ తప్పులో సగం నాది" అంది. అని, ఆ మొలక పక్కన పుల్ల పాతి ఎర్ర గుడ్డ కట్టింది. "ఇది ఇక్కడే ఉంటుంది. రోజూ ఒకసారి వచ్చి తడిమి పో. చేతులు కడుక్కో."

జూన్ 2

నాట్లు. తడిమాను.

జూలై 8

పది రోజులుగా ముసురు. చెట్ల కింద ఆకులు చాటలంత అయ్యాయి. ఒకదాని మీద నా రెండు చేతులూ వేళ్ళు చాపి పెడితే ఇంకా అంచు మిగిలింది. ముందు ఏదీ పండని నేల. వాన పడుతుంటే కొట్టుగది చూరు కింద నిలబడి ఆ చప్పుడు విన్నాను, పెద్ద ఆకుల మీద చప్పుడు వేరు. ఇంత పని ఉండగా అక్కడ ఎందుకు నిలబడ్డానో తెలీదు. బాగుంది.

నత్తలు ఎక్కువ. బూడిద చల్లితే వానకి పోతోంది, ఏరి పారేశాను, నూట పన్నెండు.

జూలై 25

కొండమేక దిగి రెండు వరుసలు మేసిపోయింది. చేదాకు ముట్టుకోలేదు. అత్తయ్య, "చూడు, మనకంటే నయం" అంది. ఇద్దరం నవ్వాం. చాలా రోజులకి. పూల కాడలు విరిచేశాం, గడ్డకి బలం రావాలని. ఒక్కటి వదిలేసింది. తేనెటీగలకట.

సెప్టెంబరు 14

ఈ ఏడు ఎండ లేదు. వరి తాలు. ఊరందరిదీ ఇంతే. అన్నం ఉంది, ఫరవాలేదు.

నవంబరు 9

ఈయన వెళ్ళాడు. ఏడింటి బస్సు. బయల్దేరేముందు కొట్టుగది వెనక ఊక గోనెలు దింపి వెళ్ళాడు, అమ్మ అడిగిందని. వరుసల మీద ఊక జానెడు ఎత్తు పోశాం. ఊక కింద మొలక తెల్లగా, మెత్తగా వస్తుందట.

1981 ఫిబ్రవరి 15

అత్తయ్యకి దగ్గు. నాలుగు రోజులు పడకే. మసుయె పిన్ని గుమ్మం దాకా వచ్చి, గంజి గిన్నె నా చేతికిచ్చి, "అక్కకి నేనిచ్చానని చెప్పు" అని లోపలికి రాకుండా వెళ్ళింది. అత్తయ్య మొత్తం తాగింది. గిన్నె కడిగి, ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి, ఏం పెట్టాలా అని చాలాసేపు చూసింది. చివరికి కొట్లో కొన్న బిస్కెట్లు పెట్టింది. తన చేతిది ఏదీ పెట్టలేదు.

అంటే వంకాయ సంగతి ఆమెకి తెలుసు.

ఏప్రిల్ 30

ఎండ, వాగులో నీళ్ళు ఎక్కువ. ఈయన వచ్చి వారమైంది, నారుమడి దున్నుతున్నాడు. కొట్టుగది వెనక ఊక పక్కకి తీశాం. ఉరుయి తెల్లగా, కొస మాత్రం పసుపు కలిసిన ఆకుపచ్చ. కొండ మీద ఎప్పుడూ చూడని అందం. మొదటి కోత. పద్నాలుగు కట్టలు. ఎర్ర గుడ్డ చుట్టూ మూర దూరంలో ఏదీ కోయలేదు.

వసారాలో అత్తయ్య ఏరింది. తర్వాత నన్ను ఏరమంది. తర్వాత మళ్ళీ తను. రాత్రి పులుపు కలిపిన మిసో సోయాముద్దతో తిన్నాం. జిగురుగా, తియ్యగా. ఈయన మూడుసార్లు వేయించుకున్నాడు.

"మొదటి కట్ట?" అన్నాను.

"రేపు నేనే తీసుకెళ్తా" అంది.

మే 1

ఎండ. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున అత్తయ్య మంచి కిమోనో కట్టుకుని కట్ట పట్టుకుని వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. మసుయె పిన్ని వాకిట్లో విత్తనం ఆరబోస్తోంది.

"మసుయే, ఇది కొండది కాదు. మా ఇంటి వెనక నాటింది. నా చేత్తో."

పిన్ని కట్టని చూసింది గాని చెయ్యి చాపలేదు. "తెల్లగా ఉందే. ఊక వేశారా?" అంది.

"వచ్చి చూడు. చూసాక తీసుకో."

పిన్ని వచ్చింది. అదే పెద్ద సంగతి. ఎదురింటి కోడలు, ఊరి పెద్ద భార్య కూడా దారిలో కలిశారు. కొట్టుగది వెనక్కి రాగానే పిన్ని, "అమ్మో, ఎంత బాగా వేశావక్కా" అంది. వంగి ఒక ఆకు నిమిరింది. అప్పుడు ఎర్ర గుడ్డ చూసింది.

"అదేంటి?"

"చేదాకు" అంది అత్తయ్య, దాచకుండా.

పిన్ని మొహం తెల్లబోయింది. "ఇంట్లో పెంచుతున్నావా? నన్ను చావు దాకా తీసుకెళ్ళిందాన్ని, గుడ్డ కట్టి పూజ చేస్తున్నావా?"

"పక్కపక్కన ఉంటే..."

"కళ్ళు కనపడవని చెప్పింది నువ్వే కదా! కళ్ళు కనపడని ముసల్ది రెండూ పక్కపక్కన పెంచుతుందా? మతి పోయింది నీకు. నీ కొడుకు ఇసాముకి చెప్పి ఇది మొత్తం తవ్వించాలి. నిన్ను పట్నంలో డాక్టరుకి చూపించాలి."  ఊరి పెద్ద భార్య, "అవునండీ, మావారితో చెప్తాను, ఊరందరి మేలు కోరి..." అని అందుకుంది. పిన్ని అప్పటికే గోడకి ఆనించిన పార పట్టుకుంది.

 అత్తయ్య నా వైపు చూడలేదు. వద్దు అన్నట్టు చెయ్యి కొద్దిగా కదిలింది.

నేను పార ముందు నిలబడ్డాను. "పిన్నీ, ఆ రోజు కోసింది నేను. వాగు పక్కన. అత్తయ్య ఏరకముందే కట్టి మీకు తెచ్చిచ్చాను. అత్తయ్య ఆ కట్ట ముట్టుకోనే లేదు. ఆమెకి కళ్ళు కూడా అక్కర్లేదు, వేళ్ళతో చెప్తుంది. ఆ మొక్క నాకు నేర్పడానికి ఉంచింది."

దేవదారు మీంచి ఏదో పిట్ట అరిచింది. అది మాత్రం గుర్తుంది.

పిన్ని నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అత్తయ్య వైపు తిరిగి, "రెండేళ్ళు" అంది. "రెండేళ్ళు నువ్విచ్చింది ప్రతిదీ పెంటలో పోశానక్కా. వంకాయలు, ముల్లంగి, నువ్వు బియ్యం దంచి చేసిన మోచి కూడా. కొత్త సంవత్సరం మోచి! చేతులు జోడించి తీసుకుని, వెనక నుంచి వెళ్ళి పారేశాను. నాతో అంత పాపం చేయిస్తావా? చెప్పడానికి నోరు లేదా నీకు?"

"చెప్తే ఈ పిల్లని అంటావు."

"అంటాను! అనకుండా ఉంటానా!"

"అందుకే."

పిన్ని పార కింద పడేసింది. వెళ్ళిపోయింది. కట్ట తీసుకోలేదు.

మే 2

గాలి. నాకు ఎవరూ పలకలేదు, నీళ్ళ వంతు దగ్గర కూడా. ఎదురింటి కోడలు వాళ్ళ పాపని లోపలికి పిలుచుకుంది. ఈయన మధ్యాహ్నం విన్నాడు. భోజనం చేసి, పొలానికి వెళ్ళి, చీకటి పడే దాకా రాలేదు. వచ్చి, "అమ్మకి తెలిసిన మాట నాకెందుకు చెప్పలేదు" అన్నాడు. 

అత్తయ్య అసలు మాట్లాడటం లేదు. ఒక్క మాట అంది, అన్నం పెట్టుకుంటూ: "రెండేళ్ళు మోసినదాన్ని ఒక్క పూటలో పారబోశావు."

మే 3

గట్లు. మాటల్లేవు.

మే 4

నారు రెండు ఆకులు వేసింది. ఊరి పెద్ద వచ్చి వసారాలో కూర్చుని అరగంట వాన గురించి మాట్లాడాడు. లేచేముందు, "కొండ ఎప్పుడు తెరవాలో... నాకు మోకాళ్ళు నొప్పులు, నేను పోయి చూడలేను" అని నేలకి చెప్పాడు.

అత్తయ్య, "మోకాళ్ళకి విశ్రాంతి ఇవ్వండి" అంది.

మే 5

సన్న వాన. మసుయె పిన్ని పెంటకుప్ప దగ్గర చాలాసేపు నిలబడి ఉండడం మా కిటికీ నుంచి కనిపించింది.

సంతకి వెళ్తే వెనక ఎవరో "తీరం పిల్ల" అన్నారు. అంటారని అత్తయ్య ముందే చెప్పింది. నలభై ఏళ్ళలో ఇది నాలుగో రోజు. రాత్రి బాగా నిద్ర పట్టింది. రెండేళ్ళకి.

మే 6

వాన వెలిసింది. పిన్ని గిన్నె ఒకటి మా వసారాలో ఉంది. ఖాళీది. మనిషి లేదు. అత్తయ్య దాన్ని చూసి, లోపలికెళ్ళి, ఉరుయి ఉడకబెట్టి, మిసో కలిపి, నింపి, "ఇచ్చి రా" అంది నాతో. నాలుగు రోజులకి నాతో మాట్లాడింది.

"నేనా?"

"నువ్వు కోసిందే. నువ్వే ఇవ్వు."

తీసుకెళ్ళాను. పిన్ని గుమ్మంలోనే నిలబడి, నా ఎదురుగా, చేత్తోనే తీసి తినేసింది. కళ్ళు మూసుకుని నమిలింది. మింగాక కాసేపు ఆగింది, కడుపు ఏమంటుందో వింటున్నట్టు.

"ఉప్పు తక్కువైంది" అంది.

"చెప్తాను పిన్నీ."

"నీ మీద కోపం పోలేదు నాకు. అది కూడా చెప్పు."

గిన్నె కడిగి నాలుగు గుడ్లు పెట్టి ఇచ్చింది.

మే 7

ఎండ. దక్షిణం వాలు పూర్తిగా కరిగింది. అత్తయ్య సాయంత్రం పెరటి గట్టు మీద నిలబడి కొండని చాలాసేపు చూసింది. తర్వాత పైనుంచి కొడవలి దింపి గుడ్డ విప్పింది. తుప్పు పట్టలేదు. నూనె నేను కూడా రాశాను, నిరుడు, ఆమె చూడనప్పుడు.

మే 8

పొద్దున మంచుపొగ, తర్వాత ఎండ పడేలా ఉంది. పొయ్యి వెలిగిస్తుంటే వాకిట్లోంచి మసుయె పిన్ని కేక.

"అక్కా! కొండ తెరిచారా?"

"ఎవరు తెరవాలి?"

"నువ్వే. వేళాకోళాలాడకు, కాళ్ళు చల్లబడుతున్నాయి."

"ఐతే తెరిచినట్టే. పద."

అన్నం ముద్దలు ఆరు చుట్టి ఇచ్చాను. నేనూ బుట్ట తీయబోతే పిన్ని, "నువ్వు ఇంటి వెనకది చూసుకో" అంది. అత్తయ్య గుమ్మం దాటుతూ నా చేతిని ఒకసారి పట్టుకుని వదిలింది, వేళ్ళు లెక్కపెడుతున్నట్టు.

వాళ్ళ వెనక ఎదురింటి కోడలు, ఇంకా నలుగురు చేరారు.

కొట్టుగది వెనక నీళ్ళు పోశాను. మూడో వరుసలో కళ్ళు మూసుకుని తడిమాను.

అత్తయ్య, మసుయె పిన్ని పొద్దున ఐదూ ఇరవైకి వెళ్ళారు. బుట్టలు రెండు.